అమెరికాలో బ్యాచిలర్స్‌కి వెళ్తున్నాను: ఫ్రాటర్నిటీలో చేరితే లాభమా? రష్ ఎలా ఉంటుంది?

ప్రశ్న (కొత్త బాయిలర్):

అందరికీ నమస్తే. ఆగస్టులో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో మెకానికల్ ఫస్ట్ ఇయర్‌లో చేరుతున్నాను, ఎఫ్-1 వీసా. అడ్మిట్ వచ్చినవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇప్పటినుంచే "రష్ చేస్తున్నావా?" అంటున్నారు, అంటే ఫ్రాటర్నిటీ అనే విద్యార్థి సంఘంలో చేరడానికి జరిగే ఎంపికకి వెళ్తున్నావా అని. ఇంట్లోవాళ్లకి ఫ్రాటర్నిటీ అంటే తాగుడు, ర్యాగింగ్. గ్రూపులో సీనియర్లేమో ఇంటర్న్‌షిప్‌లన్నీ ఆ పరిచయాలతోనే వస్తాయంటున్నారు. ఎవరి మాట నిజం? మనిషిని ఎలా ఎంచుకుంటారు? ఖర్చెంత? నేను తాగను, మాంసం తినను. తెలిసినవాళ్లు వివరంగా చెబితే మేలు.

వబాష్ ఒడ్డు:

తమ్ముడూ, ఫ్రాటర్నిటీ అని ఒక్క పేరుతో పిలుస్తారు గానీ అందులో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. ఏ రకం గురించి అడుగుతున్నావో తేల్చుకోకపోతే ఇంట్లోవాళ్ల మాటా నిజమే, సీనియర్ల మాటా నిజమే.

స్తంభాలున్న పెద్ద ఇళ్లు, వాటిమీద గ్రీకు అక్షరాలు, ఇవి ఐఎఫ్‌సీ (క్యాంపస్‌లోని ఫ్రాటర్నిటీల మండలి) కింద ఉండే సోషల్ ఫ్రాటర్నిటీలు. మగపిల్లలకే. రెండోవి నల్లజాతి విద్యార్థులు కట్టుకున్న "డివైన్ నైన్". వీటిలో మొదటిది ఆల్ఫా ఫై ఆల్ఫా, 1906లో కార్నెల్‌లో పుట్టింది. మూడోవి మన దక్షిణాసియా పిల్లలు పెట్టుకున్నవి. బింగ్‌హామ్‌టన్‌లో ఐయోటా ను డెల్టా (1994), పెన్‌లో సిగ్మా బీటా రో (1996), ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై (1998), యూసీఎల్‌ఏలో బీటా కై థీటా (1999). వీటికి చాలాచోట్ల సొంత ఇల్లుండదు, సభ్యులూ తక్కువే. నాలుగోవి ప్రొఫెషనల్ ఫ్రాటర్నిటీలు: ఇంజినీరింగ్‌కి థీటా టౌ, బిజినెస్‌కి ఆల్ఫా కప్పా సై, డెల్టా సిగ్మా పై. వీటిలో ఆడపిల్లలూ ఉంటారు. రష్ అంటే రెజ్యూమె పట్టుకెళ్లడం, ఇంటర్వ్యూ.

ఇంటర్న్‌షిప్ ఒక్కటే కావాలంటే నాలుగోది చూడు. సోషల్ ఫ్రాటర్నిటీవల్ల వచ్చే లాభం వేరు. నలభై వేల మంది పైబడిన క్యాంపస్‌లో నీ పేరు తెలిసినవాళ్లు మొదటి నెలలోనే ఓ అరవై మంది తయారవుతారు. రెండో ఏడాది ఇంటి వేట తప్పుతుంది. నీ బ్రాంచి సీనియర్ పక్క గదిలో ఉంటే థర్మోడైనమిక్స్ ఏ సెమిస్టర్‌లో తీసుకోవాలో, దేంతో కలిపి తీసుకోకూడదో చెబుతాడు. అన్నిటికన్నా పనికొచ్చేది పదవి. ట్రెజరర్‌గా ఒక ఏడాది చేసినవాడు బాకీలు వసూలు చేసి, వంటమనిషికి జీతమిచ్చి, బడ్జెట్ తేలక తల పట్టుకుని ఉంటాడు. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకన్నా ఏం కావాలి! సభ్యత్వం ఊరికే రెజ్యూమెలో ఒక లైనుగా పడి ఉంటే ఎవరూ చూడరు.

రెండో మెట్టు:

ఎంపిక ఎలా జరుగుతుందో నేను చెబుతాను, దీనిమీదే అపోహలెక్కువ.

ముందు ఐఎఫ్‌సీ సైటులో పేరు నమోదు చేసుకోవాలి. కొన్ని యూనివర్సిటీలు మొదటి సెమిస్టర్ పూర్తయి, కనీస జీపీఏ వస్తే తప్ప చేరనివ్వవు, ఆ నిబంధన ఇప్పుడే చూసుకో. తర్వాత ఓపెన్ హౌస్‌లు, వీటికి ఎవరైనా వెళ్లొచ్చు. ఆ తర్వాత పిలిచినవాళ్లకే భోజనాలు, బౌలింగ్ లాంటివి. చివర్లో బిడ్, అంటే "మాలో చేరు" అని ఇచ్చే ఆహ్వానం. ఎన్‌ఐసీ (ఫ్రాటర్నిటీల జాతీయ మండలి) సభ్య సంస్థల రష్‌లో మందు ఉండకూడదన్నది నియమం. మొదటి రాత్రే చేతిలో గ్లాసు పెట్టారంటే ఆ ఇంటి సంగతి అక్కడే తెలిసిపోయినట్టు.

అసలు కథ నువ్వు వెళ్లిపోయాక మొదలవుతుంది. తలుపులేసుకుని వచ్చినవాళ్ల ఫొటోలు ఒక్కొక్కటీ స్క్రీన్ మీద వేస్తారు. "ఇతనితో ఎవరు మాట్లాడారు?" అని రష్ చైర్ అడుగుతాడు. ఒక్క చెయ్యీ లేవకపోతే తర్వాతి ఫొటో. నువ్వు నచ్చకపోవడంవల్ల పోయేది తక్కువ, గుర్తులేకపోవడంవల్ల పోయేదే ఎక్కువ. అందుకే ఇరవై మందికి చెయ్యి కలిపి తిరగొద్దు. ముగ్గురు నలుగురితో పదేసి నిమిషాలు కూర్చో. మర్నాడు వెళ్లగానే వాళ్లలో ఒకరిని వెతికి నిన్నటి మాట అందుకో. నీ ఫొటో వచ్చినప్పుడు చెయ్యెత్తేది అతనే.

మన పిల్లలు దెబ్బతినేది కొన్ని చిన్న విషయాల్లో. పాస్‌పోర్టులో "వెంకట సాయి కృష్ణ" అని ఉంటుంది, ఫారంలో "వెంకట" పడుతుంది, నోటితో "సాయి" అంటాడు, మర్నాడు చొక్కా బిళ్లమీద "కృష్ణ". లిస్టులో ముగ్గురు మనుషులు, ఓటు మాత్రం ఎవరికీ లేదు. పిలిపించుకునే పేరు ఒక్కటే పెట్టుకుని ఫారంలో, బిళ్లమీద, ఫోన్ నంబరు ఇచ్చేచోట అదే రాయి. ఇంకోటి, తెలుగువాళ్లం నలుగురం కనిపించగానే మూలకి చేరి మనలో మనమే మాట్లాడుకోవడం. మూడోది, ఒక్క ఇంటిమీదే ఆశ పెట్టుకోవడం. కనీసం ఐదారు చూడు. మొదటి రాత్రికి కాలర్ టీషర్టు, ప్యాంటు చాలు. సూటు వేసుకెళ్తే నువ్వొక్కడివే అలా ఉంటావు.

అక్కడికక్కడ సంతకం పెట్టమంటే పెట్టొద్దు. "ఎప్పటిలోగా చెప్పాలి?" అని అడుగు. చెల్లెళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక: ఎన్‌పీసీ అనే జాతీయ మండలి కింద ఉండే సొరోరిటీల (ఆడపిల్లల సంఘాల) పద్ధతి వేరు. చివరి రౌండు తర్వాత పెట్టే ఒప్పంద పత్రంలో రాసిన సొరోరిటీ బిడ్ ఇచ్చాక కాదంటే, ఆ క్యాంపస్‌లో వచ్చే ఏడాది రష్ దాకా ఇంకో ఎన్‌పీసీ సొరోరిటీలో చేరడానికి వీలుండదు.

లెక్కల పద్మ:

బాబూ, ఖర్చెంత అని అడిగితే "డ్యూస్ (సభ్యత్వ రుసుము) సెమిస్టర్‌కి ఇంత" అని ఒక్క అంకె చెబుతారు. అది ఒట్టి డ్యూసే. మొదటి సెమిస్టర్‌లో దానికి తోడు న్యూ మెంబర్ ఫీజు, ఇనీషియేషన్ ఫీజు, నేషనల్ ఆఫీసుకి కట్టే ఇన్సూరెన్స్, బ్యాడ్జి, టీషర్టులు, ఫార్మల్ డాన్స్ ఖర్చు. మీటింగుకి రాకపోతే జరిమానా, సోబర్ మానిటర్ డ్యూటీ (పార్టీలో తాగకుండా మిగతావాళ్లని కనిపెట్టుకుని ఉండే వంతు) ఎగ్గొడితే ఇంకో జరిమానా. ట్రెజరర్‌ని "మొదటి ఏడాది మొత్తం, రెండో ఏడాది మొత్తం, రెండూ కాయితం మీద ఇవ్వండి" అని అడుగు. ఇవ్వని చోట చేరకు. బాకీ పడితే కొన్ని చాప్టర్లు (ఫ్రాటర్నిటీకి ఆ క్యాంపస్‌లో ఉండే శాఖలు) కలెక్షన్ ఏజెన్సీకి అప్పగిస్తాయి, నీ క్రెడిట్ మొదలవకముందే మచ్చ పడుతుంది.

అసలు పెద్ద ఖర్చు ఇల్లు. చాలా చాప్టర్లలో కనీసం ఒక ఏడాది ఆ ఇంట్లోనే ఉండాలన్న షరతు ఉంటుంది. లీజు చదువు: ఫ్రాటర్నిటీ మానేసినా అద్దె మానదా, చాప్టర్‌ని మూసేస్తే ఎక్కడికి పోవాలి, గోడ ఎవరో బద్దలు కొడితే అందరి డిపాజిట్‌లోంచీ కోస్తారా. మూడూ జరిగేవే.

తిండి గురించి "వెజిటేరియన్ ఉందా?" అని అడిగితే "ఉంది" అనే అంటారు. ఆ "ఉంది" అంటే లెట్యూస్, చీజ్ ముక్క. నిన్న రాత్రి ఏం వండారో అడుగు. చాలా ఇళ్లలో వంటమనిషి శుక్రవారం మధ్యాహ్నం దాకానే. శని, ఆదివారాలు వంటగది మీకిస్తారా, ప్రెషర్ కుక్కర్ పెట్టుకోనిస్తారా కనుక్కో.

కొత్త బాయిలర్:

పేర్ల సంగతి చదివి నవ్వొచ్చింది, నా ఫారంలో ఇప్పటికే రెండు పేర్లున్నాయి. ర్యాగింగ్ గురించి ఎవరూ రాయలేదు. దక్షిణాసియా ఫ్రాటర్నిటీల్లో ఆ బాధ ఉండదంటున్నారు, నిజమేనా? తాగనని చెబితే పక్కన పెడతారా?

ఓరుగల్లు అన్న:

తమ్మీ, మనోళ్లు ఉన్నంత మాత్రాన భయం లేదనుకోకు. 2013ల న్యూయార్క్ బరూక్ కాలేజీ పిలగాడొకడు పోకోనోస్ కొండలల్ల చచ్చిపోయిండు. అది ఏషియన్ ఫ్రాటర్నిటే, పై డెల్టా సై. కండ్లకు గంతలు కట్టి, వీపుకు బరువు వేసి, గుద్దుకుంట పడేసిండ్రు. సోయి తప్పినంక గూడ దవాఖానకు జల్ది తీస్కపోలే. పెన్సిల్వేనియా కోర్టు ఆ ఫ్రాటర్నిటీని రాష్ట్రంలకే పదేండ్లు రావొద్దన్నది.

ఐఎఫ్‌సీ దాంట్ల ప్రాణం పోయేది ఎక్కువ ఒకటే రాత్రి. నీకు "బిగ్ బ్రదర్"ని, అంటే నీకు అన్నలెక్క ఉండే సీనియర్‌ని, చూపెట్టే రోజు ఉంటది, ఆ రోజు ఒక సీసా చేతిల పెట్టి మొత్తం తాగుమంటరు. 2021ల బౌలింగ్ గ్రీన్ల ఒకడు, వర్జీనియా కామన్వెల్త్ల ఒకడు, వారం పది రోజులల్ల ఇద్దరు గట్లనే పోయిండ్రు. అందుకే రష్‌లనే అడుగు: "బిగ్-లిటిల్ రాత్రి ఏం చేస్తరు?" సక్కగ చెప్పినోడు మంచోడు. నవ్వి మాట మార్చినోని జోలికి పోకు.

ఇప్పుడు పట్టుకునుడు అల్కగైంది. 2024 డిసెంబర్ల స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చింది, హేజింగ్ అంటే మన ర్యాగింగే. ఏ సంఘం తప్పు చేసిందో, ఏం చేసిందో యూనివర్సిటీ సైట్ల పెట్టాలె. కాలేజీ పేరు, "హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్" అని కొట్టి చూడు. ఆ చాప్టర్‌కు యూనివర్సిటీ గుర్తింపు ఉన్నదో లేదో గూడ చూడు. కొలరాడో రాష్ట్రం బౌల్డర్ల ఫ్రాటర్నిటీలు 2005 సంది యూనివర్సిటీకి బయటనే నడుస్తున్నయి, అసొంటి చోట అడిగేటోడు ఉండడు.

ఫోన్లు గుంజుకునుడు, నిద్ర పోనియ్యకపోవుడు, రాత్రి రెండు గంటలకు కార్ల తిప్పుమనుడు, "ఇంట్ల చెప్పకు" అనుడు. ఇండ్ల ఏదొక్కటి కనిపించినా బయటికి రా. ఇండియానాల నువ్వు ఒప్పుకున్నవని చెప్పినా హేజింగ్ నేరమే. ఎవడన్న తాగి లేవకపోతే పక్కకు తిప్పి పండబెట్టు, ఒక్కన్ని వదలకు, 911 కొట్టు. అక్కడ లైఫ్‌లైన్ చట్టం 2012 నుంచి ఉన్నది: ఫోన్ చేసి, అక్కడనే ఉండి పోలీసులకు సహకరిస్తే, ఇరవై ఒక్కటి నిండకుంట తాగినవని నీ మీద కేసు పెట్టరు. ఎఫ్-1 మీద ఉన్నోనికి ఇది ఇంకా ముఖ్యం. తాగి బండి నడిపి దొరికితే వీసా రద్దు చెయ్యొచ్చు, యూనివర్సిటీ సస్పెండ్ చేస్తే సెవిస్ (విదేశీ విద్యార్థుల సర్కారీ రికార్డు) పోతది.

తాగనని చెప్తే పక్కకు పెట్టే ఇల్లు నీకు అక్కర్లేనిదే. మొదటి రాత్రే చెప్పు, సాకులు చెప్పకు. సోబర్ మానిటర్లకు మస్తు కరువున్నది. గని ప్రతి వారం నిన్నే నిలబెట్టకుంట వంతులు రాయించుకో.

వబాష్ ఒడ్డు:

ఒకటి మర్చిపోయాను, టైము. కొత్త సభ్యుడి కాలం చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది వారాలు, సరిగ్గా మొదటి మిడ్‌టర్మ్‌లమీద పడుతుంది. పర్డ్యూలో ఇండస్ట్రియల్ రౌండ్‌టేబుల్ జాబ్ ఫెయిర్ కూడా సెప్టెంబర్లోనే. వారానికి ఎన్ని గంటలు, ఏ రోజులు అన్న షెడ్యూల్ బిడ్‌కి ముందే అడిగి, సిలబస్‌లోని పరీక్ష తేదీల పక్కన పెట్టి చూడు. యూనివర్సిటీలు చాప్టర్లవారీగా సగటు జీపీఏ ప్రకటిస్తుంటాయి. మగపిల్లల మొత్తం సగటుకన్నా కింద ఉన్న చాప్టర్ని ఇంజినీరింగ్ విద్యార్థి తాకనక్కర్లేదు. ఈశాన్యంలోని ఒక కాలేజీ పూర్వవిద్యార్థులమీద జరిగిన అధ్యయనంలో ఫ్రాటర్నిటీవల్ల జీపీఏ పావు పాయింటు తగ్గింది, తర్వాతి సంపాదన 36 శాతం పెరిగింది. అది ఒక్క చిన్న కాలేజీ లెక్క. ఆ ముప్పై ఆరు చూపించి నిన్ను ఎవరైనా లాగితే ముందు ఆ పావు పాయింటు గుర్తు చేసుకో.

పర్డ్యూలో కోఆపరేటివ్ ఇళ్లు కూడా ఉన్నాయి. వంట, శుభ్రం సభ్యులే వంతులవారీగా చేసుకుంటారు కాబట్టి ఖర్చు చాలా తక్కువ. వాటికీ రష్ ఉంటుంది. వంట వంతు వచ్చిననాడు నీ పప్పుచారు నువ్వే పెట్టుకోవచ్చు, అరవై మందికి సరిపడా అన్నమాట.