ఉచ్చ బాగా పోసే గుర్రానికి కింద ఏం పరవాలి?
చంద్రగిరి దగ్గర మా ఆరేళ్ల మగ గుర్రం, కొట్టం 12 అడుగులకి 12, కింద సిమెంటు గచ్చు. రాత్రి ఏడింటికి పొడిగా పరిస్తే తెల్లారి ఐదుకల్లా మధ్యలో మడుగే, అమోనియా ఘాటుకి కళ్లు మండతాయి. పశువుల డాక్టరు చూసి జబ్బేం లేదన్నాడు. వరిగడ్డి అరడుగు మందాన వేశా, పీల్చదు సరిగదా ఈ మహానుభావుడు దాన్నే తినేస్తున్నాడు. చెనక్కాయ పొట్టు వేస్తే దుమ్ముకి దగ్గు. రంపపు పొట్టు కొంచెం మేలే గానీ రోజుకి రెండు బస్తాలు తడిసి పారేయాల్సొస్తోంది, పైగా డెక్కల్లో గట్టిగా ఇరుక్కుంటే రోజూ గీకి తీయాలి, సున్నం చల్లడం కూడా అయింది. ఇప్పుడు కొబ్బరి పొట్టు వేద్దామనుకుంటున్నా. వాడినోళ్లు చెప్పండి, ఎంత మందాన పరిస్తే రాత్రంతా ఆగుతుంది?