ఎనిమిదేళ్ల పాపకు ఆన్‌లైన్‌లో కొరియన్ క్లాసు: కొనసాగించాలా, ఆపేయాలా?

అనంతపురం_అమ్మ:
మాది అనంతపురం పాతూరు. పాప మూడో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కింది వాటాలో రాయదుర్గం వాళ్లుంటే వాళ్ల పిల్లలతో కన్నడం. జూన్‌లో ఒక ఆన్‌లైన్ బడిలో కొరియన్ క్లాసుకు చేర్పించినాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి మా వైపు కొరియా వాళ్లు కనపడడం మామూలైపోయింది. "ఆ భాష వస్తే పాపకు ఊరు వదలకుండానే ఉద్యోగం" అంటాడు మా ఆయన. క్లాసులు అమ్మే అబ్బాయేమో ఫోన్‌లో, "ఎనిమిదేళ్లు దాటితే ఇంక భాష పట్టదు మేడం, మెదడు ఒప్పుకోదు" అన్నాడు. నిజం చెప్తున్నా, ఆ మాటకు భయపడే డబ్బు కట్టినా. వారానికి రెండు క్లాసులు, క్లాసుకు 450.

మూడు నెలలైంది. అక్షరాలన్నీ గడగడా చదువుతుంది. కానీ నిన్న అన్నం పెడతా, "నీ పేరేమని కొరియన్‌లో అడుగు చూద్దాం" అంటే, లేచి పోయి ట్యాబ్ తెచ్చుకుంది. అందులో బొమ్మ కనపడితే చెప్తుంది, నా మొహం చూసి చెప్పలేదు. అది చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఈ నెలాఖరులోపు ఆరు నెలల ఫీజు కట్టాలంట. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కర్నూలు_పాతపంతులు:
అమ్మా, అన్నీ రాశావు గానీ పాపకు తెలుగు చదవడం ఎంతవరకు వచ్చో రాయలేదు. నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు ముందు అదే కావాలి.

పోయిన నెల మా వీధి పిల్లాణ్ణి వెంటబెట్టుకొని కర్నూలు బస్టాండుకు పోయినా. ఐదో తరగతి. ఆన్‌లైన్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాడు, వాళ్లమ్మ ఎంతో సంబరంగా చెప్పింది. నా కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి, "నాయనా, ఆ బోర్డు మీద ఏముందో చదువు" అన్నా. "ఎ..." అని "మ్మి" దగ్గర ఆగిపోయినాడు. మ కింద మ వత్తు వాడికి అంతుపట్టలేదు. అది ఎమ్మిగనూరు బస్సు. వాడు కూడబలుక్కునే లోపల కదిలిపోయింది. బస్సు పోతే ఇంకోటి వస్తుంది. ఆ పిల్లాడి మొహం చిన్నబోయింది చూడు, అది నేను తట్టుకోలేకపోయినా.

2020 జాతీయ విద్యా విధానం కూడా కొరియన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్ లాంటివి సెకండరీ స్థాయిలో అందుబాటులో పెడతామని రాసింది. మూడో తరగతిలో అని రాయలేదు. ఆపెయ్యమ్మా. ఆ డబ్బుతో బొమ్మల కథల పుస్తకాలు కొను.

ఆదోని_నాన్న:
పంతులుగారూ, మీరంటే గౌరవం ఉంది, కానీ మీ మాట ఒప్పుకోను. మా ఆదోనిలో పిల్లోడు అంగడికి పోతే ఉర్దూ, పక్కింటికి పోతే కన్నడం, ఇంటికొస్తే తెలుగు. ఎవురైనా భారమన్నారా? ఒక భాష వస్తే ఇంకోటి తగ్గిపోవడానికి పిల్లోడి తలకాయ సేరు గిన్నెనా? వత్తులు రాలేదంటే అది ఫ్రెంచ్ తప్పు కాదు, తెలుగు సరిగా చెప్పనోళ్ల తప్పు.

చిన్నప్పుడే మొదలుపెట్టాలనే దానికి ఆధారం కూడా ఉంది. 2018లో అమెరికా పరిశోధకులు ఇంగ్లీషు వ్యాకరణం మీద దాదాపు 6.7 లక్షల మంది రాసిన ఆన్‌లైన్ పరీక్షను లెక్కగట్టినారు. ఆ భాషలో పుట్టినోళ్ల మాదిరి రావాలంటే పది పన్నెండేళ్ల లోపల మొదలుపెట్టాల్సిందే అని తేలింది.

కాకపోతే నా అనుభవంలో గొడవ భాషతో కాదు, ఆ ఆన్‌లైన్ బడితో. బ్యాచ్‌కు నలుగురే అని చేర్చుకున్నారు. రెండో నెలకు తెర మీద గళ్లు లెక్కబెడితే పద్నాలుగు. నలభై నిమిషాల్లో మా వాడి గొంతు రెండు సార్లు వినపడింది. ఆపేస్తామన్నా ఇంకో రెండు నెలలు అకౌంట్లో డబ్బు పోతానే ఉండింది. ప్రతి నెలా దానంతటదే డబ్బు తీసుకునేందుకు మేం ఇచ్చిన అనుమతిని బ్యాంకుకు పోయి రద్దు చేయించుకున్నా. అమ్మా, కట్టేటప్పుడు ఆ అనుమతి గడిలో టిక్కు మాత్రం పెట్టొద్దు.

పెనుకొండ_దుబాసి:
నేను చేసేదే దుబాసి పని. కొరియా వాళ్లకూ మనవాళ్లకూ నడుమ. 23 ఏళ్లకు అక్షరాలు దిద్దినా. ఎనిమిదేళ్లకే తలుపు మూసుకుంటుందంటే ఈ రోజు నాకు అన్నం ఎట్లా పుడతాండాది?

ఆదోని అన్నా, నువ్వు చెప్పిన పరిశోధన నేనూ చూసినా. వ్యాకరణం పట్టే శక్తి 17 ఏళ్ల దాకా పెద్దగా తగ్గదని కూడా అందులోనే ఉంది. ఆ సగం నువ్వు రాయలేదు.

ఉద్యోగం కోసమే అయితే ఒక లెక్క వినండి. కొరియన్‌కు టోపిక్ అని పరీక్ష, ఆరు స్థాయిలు. దాని ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. పాప ఇప్పుడు రాసి గెలిచినా, ఉద్యోగం వయసు వచ్చేసరికి ఆ కాగితం పనికిరాదు. మళ్లీ రాయాల్సిందే.

భాష మటుకు మనకు అంత దూరం కాదు. "నేను బడికి పోతా" అనేదానికి వాళ్లు "నానున్ హక్క్యొఎ గాయొ" అంటారు. నేను, బడి, దానికి అంటుకొని "కి", ఆఖర్న క్రియ. చివర ఆ "యొ" మన "అండి" మాదిరి మర్యాద. నాయన్ను "అప్పా" అంటారు. మొదటిసారి విన్నప్పుడు మన అనంతపురం "ఏమప్పా" గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగినాయి. ఇంగ్లీషులో నుంచి నేర్చుకున్నన్నాళ్లూ తల తిరిగింది. తెలుగులో నుంచి ఆలోచించడం మొదలుపెట్టినాక దారి తెరుచుకుంది. అందుకే పంతులుగారి మాటలో సగానికి నేను చెయ్యెత్తుతా, తెలుగు గట్టిగా ఉంటే కొరియన్ సులభం.

రాయచోటి_తమ్ముడు:
మా చిన్నమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయింది. ఐదో తరగతి చదువు. ఆరు నెలలకు అరబ్బీ మాట్లాడింది. మాట్లాడకపోతే ఆ ఇంట్లో నీళ్లడగడానికి కూడా దిక్కులేదు మరి. మా పక్క ఇట్లాంటోళ్లు ఇంటికొకరు ఉంటారు. అవసరం లేకుండా భాష ఎట్ల వస్తాదో నాకైతే తెలీదు.

కడప_టీచరమ్మ:
నేను కడప నుంచి ఆన్‌లైన్‌లో పిల్లలకు కొరియన్ చెప్తా, ఆరేళ్లుగా. నా అన్నం కూడా దీంట్లోనే ఉంది కాబట్టి నా మాట ఆ లెక్కలోనే తీసుకోండి.

మీరంతా వయసు దగ్గర కొట్లాడుతున్నారు. నాకు కనపడేది వేరే. 2003లో అమెరికాలో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల పసిపిల్లలకు చైనా భాష వినిపించింది. కొందరి ముందు మనిషి కూర్చొని ఆడిస్తా మాట్లాడింది, పన్నెండు సార్లు. ఇంకొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. టీవీ చూసిన పిల్లలకు ఏమీ రాలేదు. 2014లో రెండేళ్ల పిల్లలతో వీడియో కాల్ మీద ఇంకో ప్రయోగం జరిగింది. అవతల మనిషి పిల్లకు అప్పటికప్పుడు బదులు పలికితే కొత్త మాట నేర్చుకున్నారు. ముందే తీసిన వీడియో అయితే నేర్చుకోలేదు. అంటే అడ్డం తెర కాదు. అవతల బదులిచ్చే మనిషి ఉన్నారా లేదా అన్నదే.

మా క్లాసులో ఎట్లా ఉంటుందో ఒకటి చెప్తా. కొరియన్‌లో "తల్" అంటే చందమామ, "త్తల్" అంటే కూతురు, "థల్" అంటే ముఖానికి వేసుకునే బొమ్మ. మూడూ మన చెవికి ఒకటే. పిల్లలందరినీ నోటి ముందు ఒక చిన్న కాగితం ముక్క పట్టుకోమంటా. "థల్" అన్నప్పుడు కాగితం ఎగరాలి. "త్తల్" అన్నప్పుడు కదలకూడదు. ఫోన్లు గాలి ఊదే చప్పుడును రొద అనుకొని కోసేస్తాయి, నాకు ఆ తేడా సరిగా వినపడదు. కాగితం మాత్రం కనపడుతుంది. ఒక్కో పిల్ల కాగితం చూసుకుంటా, "నేను కూతుర్ని అడిగితే చందమామను ఇచ్చావే" అంటా. పిల్లలు నవ్వుతారు, మళ్లీ పలుకుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు "థ" ముందే పట్టేస్తారు. ఈ పని నలుగురితో చేయగలను, ఐదుగురితో కష్టపడి చేయగలను. పద్నాలుగు మందితో ఏ టీచరుకూ చేతకాదు. ఆదోని అన్న దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లకూ ఈ సంగతి తెలిసే ఉంటుంది. నా కడుపు మండేది అక్కడే.

చిన్నప్పుడే ఎక్కువ వస్తుందన్నదీ పూర్తి నిజం కాదు. స్పెయిన్‌లో బార్సిలోనా పరిశోధకులు ఎనిమిదేళ్లకు బడిలో ఇంగ్లీషు మొదలుపెట్టినవాళ్లనూ, పదకొండేళ్లకు మొదలుపెట్టినవాళ్లనూ ఏళ్ల తరబడి చూశారు. క్లాసు గంటలు సమానంగా లెక్కేస్తే పెద్దపిల్లలే ముందున్నారు. చిన్నపిల్లలు ఇల్లూ వీధీ అంతా ఆ భాషే అయితే దూసుకుపోతారు. వారానికి రెండు క్లాసులకు ఆ బలం లేదు.

మా కడపకే 1820లో ఇరవై రెండేళ్లు నిండని ఒక తెల్లదొర వచ్చాడు, సి.పి. బ్రౌన్. తెలుగు మీద పట్టు ఆయనకు ఇక్కడే చిక్కింది. తర్వాత ఇక్కడే బంగళా కొని పండితులను కూర్చోబెట్టుకున్నాడు, నిఘంటువు రాశాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరున ఉన్న పరిశోధన కేంద్రం ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఆ పండితులే గుర్తొస్తారు. వయసు దాటినాయనకు భాష వచ్చిందంటే, ఎదురుగా కూర్చొని తప్పు దిద్దేవాళ్లు ఉన్నారు కాబట్టి.

అనంతపురం అమ్మా, ఫీజు కట్టే ముందు ఒక్క పని చేయండి. రేపు క్లాసులో పాప పక్కన కూర్చొని, టీచరు తనను పేరు పెట్టి పిలిచి, తను చెప్పిన తప్పు సరిదిద్ది, మళ్లీ పలికించడం ఎన్నిసార్లు జరిగిందో గీతలు పెట్టండి.

కర్నూలు_పాతపంతులు:
కాగితం ముక్క సంగతి బాగుందమ్మా. మా చిన్నప్పుడు ఒత్తక్షరాలు పలికించేటప్పుడు మా అయ్యవారు నోటి ముందు అరచెయ్యి పెట్టుకోమనేవారు. ఇంత చేసే టీచరు దొరికితే నాకు పేచీ లేదు. తెలుగు మాట మాత్రం వదలను. పాపకు రోజూ పడుకునే ముందు ఒక పేజీ, పైకి చదివించాలి.

ఆదోని_నాన్న:
నేను చిన్నప్పుడే అన్న మాట మీదే ఉన్నా. పదకొండేళ్ల దాకా ఆగితే అప్పటికి ట్యూషన్లు, హోంవర్కు. ఇంక ఖాళీ యాడ ఉంటాది?

అనంతపురం_అమ్మ:
టీచరమ్మ చెప్పినట్టే నిన్న కూర్చున్నా. నలభై నిమిషాలు. పదకొండు మంది పిల్లలు. మా పాపను పిలిచింది ఒక్కసారి, "వినపడుతోందా?" అని. నా కాగితం మీద గీత ఒక్కటి కూడా పడలేదు. అక్షరాలు చదవడం యాప్‌లోని ఆట వల్ల వచ్చిందని అప్పుడు అర్థమైంది.

రాత్రి ఇద్దరం నోటి ముందు కాగితం పట్టుకొని కూర్చున్నాం. నాది ఎగరడమే లేదు. పాప నా గడ్డం పట్టుకొని "ఇట్ల ఊదు మా" అని నేర్పించింది. ట్యాబ్ తేలేదు.

ఫీజు కట్టడం లేదు. మా ఆయన కొంచెం గొణిగినాడు, పెనుకొండ అన్న చెప్పిన రెండేళ్ల సంగతి విని ఊరుకున్నాడు. పంతులుగారూ, పాపకు వత్తులు వచ్చు, పొల్లుల దగ్గర తడబడుతుంది. పేజీ సంగతి ఈ రోజు నుంచే. టీచరమ్మా, దసరా సెలవుల తర్వాత మీ దగ్గర చోటుందా?

కడప_టీచరమ్మ:
శనివారం సాయంత్రం ఐదింటి బ్యాచ్‌లో ఒక చోటుంది. ముందు ఒక క్లాసు ఊరికే కూర్చోబెట్టండి, నచ్చితేనే డబ్బు. నెలకు నెల కడితే చాలు. మీరూ పక్కన ఉండండి, రెండు కాగితాలతో.