అప్‌డేట్: తాతయ్య ట్రంకుపెట్టెలో దొరికిన ట్యాంకు ఫొటోలు

అమలాపురం ఇంట్లో దొరికిన ఫొటోల్లో ట్యాంకేమిటి, కూలిన ఊరేదని పోయిన నెల అడిగాను కదండీ, తేలింది. ముందుభాగం పడవ అడుగులా గుండ్రంగా ఉంది, అక్కడ మెషిన్‌గన్ లేదు. అంటే ఎం-48 ప్యాటన్ అనే అమెరికా తయారీ ట్యాంకు. షెర్మన్ అనే ఇంకో రకం ట్యాంకని పందెం కాసిన మా బావ ఫోనెత్తట్లేదు.

వెనక పెన్సిల్‌తో "ఖేంకరణ్" అని ఉంది. 1965 సెప్టెంబరు యుద్ధంలో పాకిస్తాన్ చేతికి చిక్కిన పంజాబు ఊరది, భారత్-పాక్ మధ్య జరిగిన తాష్కెంట్ శాంతి ఒప్పందం తర్వాత 1966లో తిరిగొచ్చింది. ఆ దగ్గర్లోని అసల్ ఉత్తర్ అనే ఊరి పోరులో మనవాళ్లకి దొరికిన పాకిస్తాన్ ప్యాటన్లను అక్కడికి దగ్గర్లోనే ఉన్న భిఖీవిండ్ ఊరి దగ్గర వరసగా నిలబెడితే జనం దాన్ని ప్యాటన్ నగర్ అన్నారట. మా రెండో ఫొటోలో ఉన్నదీ ఆ వరసే.

గోదావరి చెమ్మకి మూడు ఫొటోలు అట్టకి అతుక్కుపోయాయి. మీరన్నట్టే పీకకుండా అట్టతో సహా స్కాన్ చేయించా.

నానమ్మ ట్యాంకుల వైపు చూడనే లేదు. ఒక్క గోడ మిగిలిన ఇల్లు చూసి, "ఆ ఇంటోళ్లు ఏమయ్యారో" అంది.