వినపడని నర్తకిని, స్టేజి మీద తాళం అందక అవస్థ. సలహా చెప్పండి

నమస్కారమండి. నాకు పుట్టుకతోనే వినపడదు. పదకొండేళ్లుగా కూచిపూడి చేస్తున్నాను, ఉండేది తార్నాకలో. చెక్క నేలైతే మృదంగం దెబ్బ అరికాళ్లకు తెలుస్తుంది. మిగతాది మా గురువుగారు పక్కన తెర చాటున నిలబడి చేత్తో వేసే ఆదితాళం చూసి పట్టుకుంటాను.

పోయిన నెల ఒక ఫంక్షన్ హాల్లో గ్రానైట్ నేల, పైన కార్పెట్. కాళ్లకు ఏమీ అందలేదు. లైటు సూటిగా కళ్లలో కొట్టి గురువుగారి చెయ్యీ కనపడలేదు. జతిలో, అంటే మృదంగం దెబ్బలకు అడుగులు వేసే చోట, తాళానికి రెండక్షరాలు వెనకబడ్డాను. చప్పట్లు బాగానే కొట్టారు, జాలితోనేమో అనిపించి ఆ రాత్రి అన్నం దిగలేదు.

వచ్చే నెల రవీంద్రభారతిలో ప్రోగ్రాం. బేస్ స్పీకర్ స్టేజికి ఆనించి పెడితే పనికొస్తుందా? నడుముకు కట్టుకునే వైబ్రేషన్ బెల్టు ఎవరైనా వాడారా? వడ్డాణం కింద, అంత చెమటలో నిలుస్తుందా?

ఇంకోటి. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని మీ ఖర్చుతోనే తెచ్చుకోమంటున్నారు నిర్వాహకులు. హైదరాబాద్‌లో పూటకు ఎంత తీసుకుంటారు? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో సమాన హక్కు గురించి చెబుతుంది, కానీ బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. ప్రైవేటు నిర్వాహకులను అది చూపించి అడగొచ్చా? అడిగితే మళ్లీ పిలవరేమోనని టెన్షన్.

ఫోన్ చేస్తానని మాత్రం అనకండి, మెసేజ్ పెట్టండి చాలు.