250 మందికి సంఘ విందు: ఖర్చు తగ్గాలంటే ఏం వండాలి?

బుధవారపేట:

అందరికీ వందనాలు. కర్నూల్లో మా సంఘం సండే స్కూల్ గదికి పైకప్పు రేకులు వేయించాలి. అందుకోసం ఒక ఆదివారం సాయంత్రం టికెట్ పెట్టి విందు చేయాలని కమిటీ అనుకుంది. టికెట్ రూ.150, మొత్తం 250 టికెట్లు. యవ్వనస్తులు చికెన్ బిర్యానీ, ఫ్రై, డబల్ కా మీఠా, ఐస్‌క్రీం అడుగుతున్నారు. అదే మెనూకు క్యాటరింగ్ వాళ్లు ప్లేటుకు రూ.190 చెప్పారు, అంటే చేతి డబ్బు పోతుంది. స్త్రీల సమాజంలో పెద్ద వంట తెలిసినవాళ్లు ఆరుగురు ఉన్నారు. చర్చి వెనక గాడిపొయ్యి (నేలలో తవ్వే పొడవాటి పొయ్యి) వేసుకునే చోటు ఉంది. మాకు దొరుకుతున్న ధరలు కిలోకు: తోలు తీసిన చికెన్ 240, బియ్యం 55, రాగిపిండి 50, కందిబ్యాళ్లు (కందిపప్పు) 140, చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు 140, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) 30, నూనె లీటరు 160. ముస్లిం ఇరుగుపొరుగువాళ్లు, మాంసం తిననివాళ్లు ఓ నలభై మంది కూడా వస్తారు. దారి చెప్పండి.

గాడిపొయ్యి (కడప):

వందనాలన్నా. ముందు బిర్యానీ మాట వదిలేయండి. బిర్యానీలో ఖరీదైన మాంసంతోనే కడుపు నింపాలి, పక్కన ఏం పెట్టినా ఎవరూ ముట్టరు. పైగా దమ్ము చెడితే దేక్సా మొత్తం పోతుంది, సరిచేసుకునే వీలుండదు. మన సీమ భోజనం దీనికి తిరగేసి ఉంటుంది. సంగటి, అన్నం, పప్పు కడుపు నింపుతాయి, కోడి పులుసు రుచి ఇస్తుంది. కాబట్టి రాగి సంగటి ఒక ముద్ద, కోడి పులుసు, అన్నం, గోంగూర పప్పు, చెనిక్కాయల ఊరిబిండి (రుబ్బిన పచ్చడి), చారు, మజ్జిగ, పెసరబ్యాళ్ల పాయసం. ఇంతకు మించి ఒక్క వంటకం కూడా పెంచొద్దు.

చికెన్ మనిషికి పచ్చిమాంసం 150 గ్రాముల లెక్కన 38 కిలోలు. కిలోకు ఎర్రగడ్డలు పావుకిలో, నూనె 100 మి.లీ., అల్లంవెల్లుల్లి 60 గ్రాములు, కారం 25, ధనియాల పొడి 20, నీళ్లు 600 మి.లీ. ఉప్పు కిలోకు 18 గ్రాములు పట్టుకుని అందులో ముప్పావు వంతే ముందు వేయండి, మిగతాది దించేముందు రుచి చూసి వేయండి. జీడిపప్పు, గసగసాలు వద్దు. వేయించిన చెనిక్కాయలు, ఎండుకొబ్బరి కలిపి కిలోకు 30 గ్రాముల పొడి చాలు. ఆ పొడి ఆఖరి పది నిమిషాల్లోనే పడాలి. ముందే వేస్తే అడుగంటి మాడువాసన పులుసంతా పట్టేస్తుంది. ముక్కలు మరీ చిన్నవి కొట్టించొద్దు, గరిట తిప్పేకొద్దీ ఎముక వేరై మాంసం పీచు పీచవుతుంది. ముస్లింలు వస్తున్నారు కాబట్టి హలాల్ కొట్టులోనే కోయించి, ఆ మాట టికెట్ మీద అచ్చు వేయించండి.

మాంసం తిననివాళ్ల కోసం 6 కిలోల చికెన్ తగ్గించి 5 కిలోల చిన్న వంకాయలతో గుత్తివంకాయ చేయండి. దానికి వేరే పాత్ర, వేరే గరిట, వేరే బల్ల ఉండాలి. వడ్డించేవాళ్లు కూడా వేరే ఉంటేనే వాళ్లు నమ్మకంగా తింటారు.

కందిబ్యాళ్లు 6 కిలోలు. బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువైతే బ్యాళ్లు ఎంతసేపటికీ మెత్తబడవు, అందుకే పప్పుకు మాత్రం ఫిల్టరు నీళ్లు వాడండి. ఉప్పు, గోంగూర మాత్రం, బ్యాళ్లు పూర్తిగా ఉడికాకే వేయాలి, పులుపు తగిలితే ఉడుకు ఆగిపోతుంది. గోంగూరను అల్యూమినియంలో వండొద్దు, స్టీలు గిన్నె వాడండి. పాయసానికి పెసరబ్యాళ్లు రెండున్నర కిలోలు, బెల్లం 4 కిలోలు, పాలు 4 లీటర్లు. పొయ్యి ఆర్పి కాస్త చల్లారాకే కాచిన పాలు పోయాలి. ఉడికే బెల్లంలో పోస్తే విరిగిపోతాయి.

జమాఖర్చు (ప్రొద్దుటూరు):

గాడిపొయ్యి అక్క చెప్పిన మెనూకు మీ ధరలు వేసి చూశాను. చికెన్ 38 కిలోలకే వేశాను, 9,120; తగ్గించే 6 కిలోల డబ్బు గుత్తివంకాయకు వదిలేశాను. బియ్యం అన్నానికి 22, సంగటికి 9, మొత్తం 31 కిలోలు, 1,705. రాగిపిండి 6 కిలోలు 300, కందిబ్యాళ్లు 840, చెనిక్కాయలు 5 కిలోలు 700, నూనె 7 లీటర్లు 1,120, ఎర్రగడ్డలు 14 కిలోలు 420. పాయసం, మజ్జిగ, ఆకుకూర, మసాలా సామాను అన్నీ కలిపి మూడున్నర వేల లోపు. సరుకులకు 17,700 అవుతుంది. ఆకులు, గ్లాసులు, నీళ్లు 2,250, పాత్రల అద్దె, గ్యాసు 3,000 అనుకుంటే దగ్గర దగ్గర 23,000. వసూలు 37,500 కదా, 14,500 మిగిలినట్టు కనబడుతుంది.

కానీ వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, పాట బృందం తినరా? అందరూ మరిచిపోయే ఖర్చు ఇదే. 25 మందికి ఇంకో రెండు వేలు పోతే 12,500 మిగులుతుంది. అదే భోజనానికి టికెట్ రూ.200 పెడితే 25,000. యాభై పెంచితే మిగులు రెట్టింపు. అయితే సంఘంలో కూలికి పోయే కుటుంబాలకు అది బరువు. వాళ్లు మన విందుకే రాలేకపోతే ఎలా? నా సలహా ఏమంటే టికెట్ 150 దగ్గరే ఉంచండి, పదేళ్ల లోపు పిల్లలకు 75 చేయండి, ప్రతి బల్ల మీద కానుక కవర్లు పెట్టండి. ఇవ్వగలిగినవాళ్లు కవర్లో వేస్తారు. దానికంటే ముందు చికెన్ మొత్తాన్ని ఒకరిద్దరు కుటుంబాలు భరిస్తాయేమో అడగండి. డబ్బుగా కాకుండా "32 కిలోల కోడి" అని అడిగితే ఇచ్చేవాళ్లకు లెక్క తేలిగ్గా తెలుస్తుంది.

స్త్రీల సమాజంలో ఇంటింటా వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం పోగు చేస్తారు కదా. ఆ బియ్యం అన్నానికి వాడొద్దు. పాతవీ కొత్తవీ, సన్నవీ లావువీ కలిసి ఉంటాయి కాబట్టి కొన్ని మెతుకులు చిమిడిపోతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. సంగటికైతే ఎలాగూ మెత్తగా ఉడకాలి గనుక బాగా పనికొస్తాయి. ఆ 9 కిలోల ఖర్చు తప్పుతుంది.

టికెట్లకు వరస నంబర్లు వేయించండి, మాంసానికీ శాకాహారానికీ రెండు రంగులు పెట్టండి. శుక్రవారం రాత్రికి అమ్మకం ఆపేసి, అమ్మిన లెక్క మీదే శనివారం సరుకు తెండి. అచ్చు వేయించిన లెక్క మీద తెస్తే మిగిలేది అన్నమే. తేదీ విషయం కూడా ఆలోచించండి. శ్రమ దినాలు (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) మనకు కుదరవు. శ్రావణం, కార్తీకంలో కోడి ధర దిగుతుంది నిజమే, కానీ హిందువుల్లో చాలామంది ఆ రోజుల్లో ముట్టరు, బయటి టికెట్లు పడిపోతాయి.

బుధవారపేట:

చాలా మేలు చేశారు అన్నా, అక్కా. ఒక్కటే భయం. 7 గంటలకు మొదలుపెడితే 9 దాకా జనం వస్తూనే ఉంటారు. అప్పటికి సంగటి గట్టిపడి రాయిలా అయిపోదా?

అనంత సంగటి (అనంతపురం):

ఒకేసారి వండితే అవుతుంది. నాలుగు వాయిలుగా చేయండి. ఒక్కో వాయికి బియ్యం రెండుంపావు కిలోలు, రాగిపిండి కిలోన్నర, నీళ్లు పదమూడున్నర లీటర్లు, అంటే కిలో బియ్యానికి 6 లీటర్లు. పావుకిలో ముద్దలు అరవై పైన వస్తాయి. పాత్ర 25 లీటర్లకు తగ్గకూడదు. అంతకన్నా పెద్ద వాయి పెడితే కట్టె తిరగదు, అడుగున పిండి పచ్చిగా ఉండిపోతుంది.

బియ్యం అరగంట నానబెట్టి, మెతుకు చేత్తో నలిపితే వెన్నలా కావాలి, అంత ఉడికించండి. అప్పుడు ఒక చెంబు గంజి తీసి పక్కన పెట్టుకోండి. పిండిని మధ్యలో కుప్పగా పోయండి, కలపొద్దు. కట్టెతో నాలుగైదు చోట్ల పొడిచి, మూతపెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు ఆవిరి పట్టనివ్వండి. ఉండలు కట్టేది ఇక్కడ తొందరపడితేనే. తర్వాత దించి, ఒకరు గోనెపట్టాతో పాత్ర అదిమి పట్టుకుంటే ఇంకొకరు కట్టెతో గట్టిగా కెలకాలి. గట్టిగా అనిపిస్తే ఆ వేడి గంజే పోయండి, చన్నీళ్లు వద్దు. తడిచేతికి అంటకపోతే అయినట్టు, అంటితే మళ్లీ ఐదు నిమిషాలు సెగ చూపండి.

రెండు వాయిలు 6:45కు దించండి, మూడోది 7:30కు, నాలుగోది 8:15కు. ముద్దలు ముందే చేసి పెట్టొద్దు, పైన పొర కట్టి పగుళ్లు వస్తాయి. హాట్‌బాక్సులో తడిగుడ్డ పరిచి సంగటి అందులో వేసి, పైన ఇంకో తడిగుడ్డ కప్పి మూత పెట్టండి. నెయ్యి రాసిన గిన్నెలో తిప్పి ముద్దను నేరుగా ఆకులోకి వేయండి.

కోడి పులుసు మాత్రం మధ్యాహ్నమే వండి మూతపెట్టి ఉంచొద్దు, ఎండాకాలమైతే అసలు వద్దు. ఐదున్నరకు పొయ్యి ఎక్కించి, వడ్డన అయ్యేదాకా సన్న సెగ మీదే ఉంచండి. ఊరిబిండి ఎర్రగడ్డ పచ్చిది కలపకుండా రుబ్బి పెట్టుకుని, ఆ ముక్కలు వడ్డించే ముందు కలుపుకోండి, తొమ్మిది దాకా పులవదు.