పిల్లవాడి కంటికి మాయ పొర వేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య కొడుక్కి ఆరేళ్లు. తాంబూలంలో వేసుకునే సున్నం ప్యాకెట్‌ను నొక్కుతూ ఆడుకుంటుంటే పగిలి కుడి కంట్లో పడింది. కాన్పులో బిడ్డ వెంట బయటికి వచ్చే మాయ నుంచి తీసి, దానంగా ఇచ్చిన పొరను కంటిపై వేస్తామని డాక్టరు గారు చెప్పారు. మా వదిన భయపడుతోంది. బ్లడ్ గ్రూపు కలవాలా? ఎవరి జబ్బులైనా అంటుకుంటాయా?

జవాబు (కంటి ఆసుపత్రి నర్సు): ఒప్పుకోండి, ఆలస్యం చేయకండి. అది మాయ మొత్తం కాదండి, ఉమ్మనీటిని పట్టి ఉంచే పలుచటి లోపలి పొర మాత్రమే. అందులో రక్తనాళాలు ఉండవు, బ్లడ్ గ్రూపు చూడనక్కర్లేదు. ముందే నిర్ణయించుకున్న సిజేరియన్లలో తల్లి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తీసుకుంటారు. ఆమె రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ లేవని పరీక్షించి, పొరను యాంటీబయాటిక్ ద్రావణంలో కడిగి, సాధారణంగా మైనస్ 80 డిగ్రీల చలిలో భద్రపరుస్తారు.

సున్నం కంటిని కాలుస్తూనే పోతుంది. రెప్పల కింద ఇరుక్కున్న రేణువులన్నీ తీశారో లేదో ముందు అడగండి. ఆ తర్వాత ఈ పొర వాపును తగ్గిస్తుంది, మచ్చ గట్టిపడకుండా చూస్తుంది, రెప్ప కనుగుడ్డుకు అతుక్కునే ప్రమాదాన్ని తగ్గిస్తుంది. కొత్త కణాలు దాని ఆధారంగా పాకుతాయి. చాలా సందర్భాల్లో కొద్ది వారాల్లో అదే కరిగిపోతుంది.

ఇది చదువుతున్న తల్లులందరికీ ఒక మాట: కంట్లో సున్నం పడితే ఆసుపత్రికి పరుగెత్తేముందే కనీసం అరగంట మంచినీటితో ధారగా కడగండి. చూపు దక్కేది చాలావరకు అక్కడే.

ప్రశ్న: నల్లగుడ్డు అంచు కూడా కాలిందన్నారు. పొర ఒక్కటే సరిపోతుందా?

జవాబు (అదే నర్సు): అంచులో నల్లగుడ్డు పైపొరను పునరుద్ధరించే మూలకణాలు ఉంటాయి. అవి పూర్తిగా కాలిపోతే పొర ఒక్కటే చాలదు. వాపు తగ్గిన తర్వాత, బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా చేసి, ఈ మాయ పొర మీదే పేర్చి అతికించే పద్ధతి ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం దాన్ని రూపొందించి 2012లో ప్రచురించింది. మన ఊళ్లో పుట్టిన వైద్యమని మీ వదినకు చెప్పండి.

ప్రశ్న: నాకు వచ్చే నెల సిజేరియన్. నేను ఆ పొరను దానంగా ఇవ్వగలనా?

జవాబు: తప్పకుండా అడగండమ్మా, అయితే నెప్పులు వచ్చాక కాదు, ఇప్పుడే. నేత్రనిధితో ఏర్పాటున్న ఆసుపత్రులే తీసుకుంటాయి. మీకూ బిడ్డకూ ఏ నష్టమూ లేదు, డబ్బు ఇవ్వరు, తీసుకోరు. మాయను పాతిపెట్టే ఆచారం ఉంటే ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: బొడ్డుతాడు మూలకణాలతో మా నాన్నగారి మోకాలికి ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు, లక్షల్లో అడుగుతున్నారు.

జవాబు (ఫార్మసీ అధ్యాపకుడు): ఇవ్వకండి. బొడ్డుతాడు రక్తం 1988లో పారిస్‌లో ఫాంకోని రక్తహీనత అనే జన్యు జబ్బు ఉన్న పిల్లవాడికి ఎక్కించినప్పటి నుంచి రక్తవ్యాధులకు నిలబడిన చికిత్స. మోకాళ్ల నొప్పికి దాన్ని ఆమోదిత వైద్యంగా అమ్మకూడదు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో బొడ్డుతాడు రక్తం తప్ప మాయ, బొడ్డుతాడు కణజాలం వంటి మిగిలినవాటిని వ్యాపారంగా నిల్వ చేయడానికే అనుమతి లేదు. ఇది ప్రయోగ దశ చికిత్స అంటే, క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీ నంబరు, నైతిక సంఘం అనుమతి చూపమనండి. అలాంటి ప్రయోగంలో చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.