బేక్ చేసిన పాస్తా షెల్స్: అడుగున నీళ్లు, పైన గట్టి అంచులు

ప్రశ్న

అందరికీ నమస్తే. ఇంట్లో ఆరుగురం. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే అందరం కలిసి కూర్చుని తినే పూట. అందుకని ఆ రోజు కాస్త పెద్ద వంటే పెట్టుకుంటాను. రెండు నెలలుగా రికోటా (పనీర్‌లాంటి మెత్తటి చీజ్), పాలకూర కూరిన పెద్ద షెల్స్ (గవ్వ ఆకారపు పాస్తా) చేస్తున్నాను. సాస్ కూడా ఇంట్లోనే. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అదే సమస్య. ట్రే అడుగున పల్చటి నీళ్లు తేలుతున్నాయి, పైకి కనిపించే అంచులేమో కటకటలాడుతున్నాయి. మామయ్యగారికి పళ్లు బాగా లేవు. ఆయన అంచులు తుంచి పక్కన పెట్టి మధ్యలోది మాత్రం తింటుంటే మనసు చివుక్కుమంటోంది.

షెల్స్ పూర్తిగా ఉడికిస్తాను. రికోటా డబ్బాలోంచి తీసి నేరుగా కలుపుతాను. నీళ్లు ఊరతాయనే భయంతో టమాటా సాస్‌ని బాగా దగ్గరపడనిస్తాను. మూత లేకుండా 200 డిగ్రీల్లో 40 నిమిషాలు పెడతాను. ఎక్కడ తప్పుతోంది? మైదాతో చేసే తెల్ల సాస్ కూడా ఉండలు కడుతోంది, దాని గురించీ చెప్పండి.

జవాబు 1

మీరు నీళ్లని తప్పు చోట ఆపుతున్నారండీ. తడి ఉండాల్సింది సాస్‌లో, స్టఫింగ్‌లో కాదు. మీ దగ్గర అది తారుమారైంది. నాకూ ఇది అర్థం కావడానికి చాలా ట్రేలు పట్టింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

అడుగున తేలేవి రికోటా నీళ్లు, పాలకూర నీళ్లు. రికోటాని పల్చటి బట్టలో వేసి, జల్లెడ మీద పెట్టి, కనీసం గంట వదిలేయండి. కింద గిన్నెలో చేరిన నీళ్లు చూస్తే మీకే తెలుస్తుంది. పాలకూర 300 గ్రాములు తీసుకుంటే, వాడ్చి చల్లారాక పిండితే ఒక గుప్పెడు మిగలాలి. అంతకన్నా ఎక్కువుంటే ఇంకా పిండాలి. నేను మొదట చేత్తో పిండి, తర్వాత బట్టలో వేసి మెలితిప్పుతాను. రెండోసారి కూడా నీళ్లు వస్తూనే ఉంటాయి.

ఆరుగురికి 24 షెల్స్ సరిపోతాయి. వాటికి 500 గ్రాముల రికోటా, ఆ పాలకూర, 60 గ్రాముల పార్మెజాన్ (గట్టి, ఉప్పటి చీజ్) తురుము, ఒక గుడ్డు, మిరియాల పొడి, కాస్త జాజికాయ తురుము. గుడ్డు వేడికి గట్టిపడి స్టఫింగ్‌ని పట్టి ఉంచుతుంది. ఉప్పు మాత్రం గుడ్డు వేయకముందే రుచి చూసి సరిచేసుకోండి, పార్మెజాన్‌లోనే చాలా ఉంటుంది.

షెల్స్‌ని ప్యాకెట్ మీద రాసిన టైమ్‌కన్నా మూడు నిమిషాలు ముందే తీసేయండి. మిగతాది ఓవెన్‌లో సాస్ తడికి ఉడుకుతుంది. అందుకే సాస్ జారుగా ఉండాలి. చిక్కబడితే ఒక చిన్న గ్లాసు వేడినీళ్లు కలపండి. సగం సాస్ అడుగున పరిచి, షెల్స్ పేర్చి, మిగతాది పైన పోయండి. ఒక్క అంచు కూడా సాస్ తగలకుండా ఉండకూడదు. ఫాయిల్ బిగించి 180 డిగ్రీల్లో 25 నిమిషాలు, తర్వాత ఫాయిల్ తీసి చీజ్ చల్లి ఇంకో 10 నిమిషాలు. మీరు మూత లేకుండా పెట్టడం వల్లే ఆవిరంతా బయటికి పోయి అంచులు ఎండిపోతున్నాయి.

బయటికి తీశాక 10 నిమిషాలు ముట్టుకోవద్దు. ఆకలితో అందరూ బల్ల దగ్గర చేరినా సరే, ఆగండి. ఆ కాసేపట్లో సాస్ కుదురుకుంటుంది.

ఇంకో మాట. పైన చల్లేది నీళ్లలో ఉంచి అమ్మే మెత్తటి మొజరెల్లా చీజ్ అయితే అదీ నీళ్లు వదులుతుంది. బేక్ చేయడానికి తడి తక్కువగా ఉండే గట్టి రకం మేలు. తురిమి అమ్మే ప్యాకెట్లలో అంటుకోకుండా పిండిపదార్థం కలుపుతారు కాబట్టి అది అంత నునుపుగా కరగదు. గడ్డ కొని ఇంట్లో తురుముకోవడమే నయం.

జవాబు 2

తెల్ల సాస్ సంగతి నేను చెప్తాను. 40 గ్రాముల వెన్న కరిగించి 40 గ్రాముల మైదా వేసి, సన్నటి సెగ మీద రెండు నిమిషాలు వేయించండి. రంగు మారకూడదు, పచ్చివాసన మాత్రం పోవాలి. మైదా రేణువులకి వెన్న పట్టి ఉంటే అవి ఒకదానికొకటి అతుక్కోవు. తర్వాత 600 మిల్లీలీటర్ల పాలు. మొదట అరకప్పు మాత్రమే పోసి, నున్నటి ముద్ద అయ్యేదాకా కలపండి, అప్పుడు ఇంకొంచెం. ఉండలు కట్టేది ఆ మొదటి అరకప్పు దగ్గరే. ఒకేసారి పోసేస్తే పిండి పైపొర ఉడికిపోయి లోపల పొడి అలాగే ఉండిపోతుంది. అయినా ఉండలు వస్తే జల్లెడ పట్టేయండి, పారేయాల్సిన పని లేదు.

అడిగినవారు

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఇంకో సందేహం. కెనెలోని అనే పాస్తా గొట్టాలు ఉడికించకుండానే కూరి పెట్టొచ్చని ప్యాకెట్ మీద ఉంది. నిజంగా ఉడుకుతాయా?

జవాబు 1

ఉడుకుతాయి, కానీ వాటికి దాహం ఎక్కువ. సాస్ ఇంకా పల్చగా ఉండాలి, గొట్టాలు పూర్తిగా మునగాలి, ఫాయిల్ కింద 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. కత్తి మొన గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. కూరడానికి స్పూన్‌తో కుస్తీ పట్టొద్దు. స్టఫింగ్‌ని మందపాటి ప్లాస్టిక్ కవర్‌లో వేసి, మూల కత్తిరించి, రెండు వైపుల నుంచీ పిండండి.

జవాబు 3

టమాటా సాస్ పుల్లగా అనిపిస్తే పంచదార వేయకముందు ఒక చిన్న క్యారట్ ఉల్లిపాయతోపాటు సన్నగా తరిగి, ఆలివ్ నూనెలో మగ్గనివ్వండి. పార్మెజాన్ అయిపోయాక మిగిలే గట్టి తొక్కని పారేయకండి. సాస్‌లో వేసి అరగంట ఉడికించి తీసేస్తే రుచి దిగుతుంది. మా పిల్లలు ఆ సాస్‌ని రొట్టెతో తుడిచి మరీ తింటారు.

శనివారమే పేర్చి పెట్టుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: గాజు ట్రేని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగలొచ్చు. ముందు బయట ఉంచి చలి వదలనివ్వండి. ట్రే ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి ఫాయిల్ కింద ఓ 10 నిమిషాలు అదనంగా ఉంచండి.

అడిగినవారు

నిన్న చేశాను. రికోటా నుంచి ముప్పావు కప్పు నీళ్లు వచ్చాయి! ఇన్నాళ్లూ అవన్నీ ట్రేలోకే పోయాయన్నమాట. ఈసారి అడుగున నీళ్లు లేవు. మామయ్యగారు అంచులు కూడా తిని ఇంకో రెండు వేయించుకున్నారు. కాకపోతే ఉడికించేటప్పుడు నాలుగు షెల్స్ చిరిగిపోయాయి.

జవాబు 1

చాలా సంతోషంగా ఉందండీ. కొన్ని చిరగడం మామూలే, నేనెప్పుడూ ఐదారు ఎక్కువ వేసి ఉడికిస్తాను. నీళ్లు మరీ తెర్లకుండా సెగ తగ్గించండి. వంపేటప్పుడు కుమ్మరించకుండా చిల్లుల గరిటెతో ఒక్కొక్కటీ తీసి, నూనె రాసిన పళ్లెంలో విడివిడిగా పరచండి. చిరిగినవాటిని ట్రే మూలల్లో సర్దేయండి, సాస్ కింద ఎవరికీ కనబడవు.